మా అమ్మాయి మార్కులు వాళ్లకెట్లా తెలిశాయి?

ఈ న్యాయ సలహాల శీర్షికకు మామూలుగా పట్టాదారు పాస్‌బుక్కుల గురించి, అన్నదమ్ముల పంపకాల గురించి, చెక్ బౌన్స్ కేసుల గురించి రాస్తారు. ఈసారి వచ్చిన వాటిలో ఆరు ఉత్తరాలు పిల్లల గురించే. వాళ్ల ఫోటోలు, ఫోన్ నంబర్లు, పుట్టిన తేదీలు ఎవరెవరి చేతుల్లోకో పోతున్నాయని భయం. ఆరింటినీ ఒక్కచోటే పెట్టాను. రాసినవాళ్ల పేర్లు, పిల్లలను గుర్తుపట్టే చిన్న చిన్న వివరాలు తీసేశాను. మొదటి ఉత్తరం పేరూ ఊరూ లేకుండా వచ్చింది. అది ఆగేది కాదు, అందుకే ముందు దానికి జవాబు.

ప్రశ్న: మేడం, నేను తొమ్మిదో తరగతి చదువుతున్నా. నా వాట్సాప్ డీపీలో ఉన్న ఫోటో తీసుకుని ఒకతను చెడ్డ ఫోటోకు నా ముఖం అతికించి నాకే పంపించాడు. వేరే ఫోటోలు పంపకపోతే దీన్ని మా క్లాస్ గ్రూపులో పెడతానంటున్నాడు. ఇంట్లో చెప్తే ఫోన్ గుంజుకుని బడి మాన్పిస్తారు. ఏం చేయాలి? (నల్గొండ జిల్లా నుంచి ఒక అమ్మాయి)

జవాబు: బిడ్డా, ఇందులో నీ తప్పు ఏమీ లేదు. డీపీ పెట్టుకోవడం నేరం కాదు. అతను చేసింది నేరం. 18 ఏళ్ల లోపు పిల్లల ఫోటోను అట్లా మార్చడం, పంపడం, దగ్గర పెట్టుకోవడం కూడా, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం కిందికి, ఐటీ చట్టం 67బి సెక్షన్ కిందికి వస్తాయి. ఫోటో నిజంది కాదు, అతికించింది అన్న మాట అతన్ని కాపాడదు.

అతనికి ఏమీ పంపకు. డబ్బు కూడా ఇవ్వకు. ఒకసారి ఇస్తే మళ్లీ అడుగుతాడు. ఆ మెసేజ్‌లను డిలీట్ చేయకు, నంబరు కనపడేటట్టు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో. తర్వాత 1098కి ఫోన్ చెయ్యి. అది పిల్లల కోసమే ఉన్న నంబరు, రాత్రి పూట కూడా ఎత్తుతారు, డబ్బు పడదు. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఆడవాళ్లకు, పిల్లలకు సంబంధించిన ఫిర్యాదులను పేరు చెప్పకుండా కూడా పెట్టొచ్చు. ఇంకొకటి, 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఉంది. 18 లోపు వాళ్ల ఇలాంటి ఫోటోలు ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ లాంటి వాటిలోకి ఎక్కకుండా ఆపడానికే దాన్ని పెట్టారు. అందులో ఫోటో నీ ఫోన్ దాటి ఎక్కడికీ పోదు. ఫోటో నుంచి ఒక గుర్తు సంఖ్య తయారవుతుంది, అదొక్కటే కంపెనీలకు వెళ్తుంది. వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం అది పనిచేయదు, అందుకే పోలీసు ఫిర్యాదు తప్పనిసరి.

పోలీసులంటే భయపడకు. పోక్సో కేసులో నీ మాట తీసుకోవడానికి వచ్చే అధికారి యూనిఫాంలో రాకూడదు. మీ ఇంట్లోనో నువ్వు చెప్పిన చోటో మాట్లాడాలి, వీలైనంత వరకు మహిళా అధికారే రావాలి. నీ పేరు, ఫోటో, బడి పేరు ఏ పేపర్లోనూ, ఏ చానల్లోనూ రాకూడదు. ఇవన్నీ చట్టంలో రాసి ఉన్నవే.

ఇంట్లో అందరికీ చెప్పలేకపోతే ఒక్కరికి చెప్పు. మేనత్త అయినా సరే, పిన్ని అయినా సరే, నీకు నమ్మకమున్న టీచరైనా సరే. విన్న టీచర్ 'ఎందుకులే' అని ఊరుకోవడానికి వీల్లేదు, పోలీసులకు చెప్పడం ఆమె చట్టపరమైన బాధ్యత.

ఇది చదువుతున్న తల్లిదండ్రులారా, ఈ ఉత్తరంలో నన్ను బాగా కష్టపెట్టింది ఆ అబ్బాయి బెదిరింపు కాదు, 'బడి మాన్పిస్తారు' అన్న మాట. మీ పిల్లలు మీకు చెప్పకుండా నాకు ఎందుకు రాస్తున్నారో ఆలోచించండి.

ప్రశ్న: మా అమ్మాయి పది పాసైంది. ఫలితాలు వచ్చిన రోజు సాయంత్రానికే ఫోన్లు మొదలయ్యాయి. "మీ పాపకు ఇన్ని మార్కులొచ్చాయి కదమ్మా, మా కాలేజీలో ఫీజు తగ్గిస్తాం" అంటారు. పాప పేరు, నా పేరు, మా వారు రైస్ మిల్లులో పనిచేస్తారన్న సంగతి కూడా వాళ్లకు తెలుసు. వారం రోజులు ఫోన్ మోగుతూనే ఉంది. పాప ఎత్తినా మాట్లాడిస్తున్నారు. మా వివరాలు వాళ్లకు ఎవరిచ్చారు? అడిగే హక్కు మాకు లేదా? (ఒక తల్లి, మిర్యాలగూడ)

జవాబు: అమ్మా, మార్కులు తెలుసుకోవడం వాళ్లకు కష్టం కాదు. ఫలితాల వెబ్‌సైట్‌లో హాల్‌టికెట్ నంబరు కొడితే చాలు. పాప పేరు, తండ్రి పని, మీ ఫోన్ నంబరు ఒకే వరసలో ఉన్న జాబితా వాళ్లకు దొరికింది. మనం పట్టుకోవాల్సింది ఆ జాబితా ఎక్కడ పుట్టిందో దాన్ని.

నా సంగతే చెప్తాను. మా అబ్బాయి పది పరీక్షలు రాసిన ఏడాది, సెంటర్ బయట ఎండలో నిలబడ్డాం. ఇద్దరు పిల్లగాళ్లు వచ్చి అందరికీ మంచినీళ్ల సీసాలు, రాసుకునే అట్టలు పంచారు. చేతిలో ఒక ఫారం పెట్టారు, స్కాలర్‌షిప్ పరీక్షకట. పేరు, హాల్‌టికెట్ నంబరు, ఊరు, తండ్రి వృత్తి, రెండు ఫోన్ నంబర్లు. నేను వకీలును, రోజూ కక్షిదారులకు "చదవకుండా సంతకం పెట్టకండి" అని చెప్పేదాన్ని. ఆ రోజు బండి సీటు మీద పెట్టుకుని అన్ని గడులూ నింపి ఇచ్చాను. ఆ స్కాలర్‌షిప్ పరీక్ష ఎప్పుడు పెట్టారో నాకు ఇప్పటికీ తెలియదు. ఫోన్లు మాత్రం రెండేళ్లు వచ్చాయి. మొదట ఇంటర్ కాలేజీల పీఆర్వోలు, తర్వాత లాంగ్ టర్మ్ కోచింగ్ వాళ్లు, తర్వాత విదేశీ చదువుల కన్సల్టెన్సీలు. ఒక ఫారం ఎన్ని చేతులు మారిందో చూడండి.

మీ విషయంలో ఇలాంటి ఫారం నుంచే పోయి ఉండొచ్చు. బడి ఆఫీసులోని ఎక్సెల్ జాబితా ఎవరో వాట్సాప్‌లో పంపి ఉండొచ్చు. ఆన్‌లైన్ మోడల్ టెస్ట్ యాప్ నుంచి కూడా పోవచ్చు. అడ్మిషన్ల సీజన్‌లో పీఆర్వోలకు టార్గెట్లు ఉంటాయి, జాబితా లేకపోతే వాళ్ల పని నడవదు. ఇవ్వమని అడిగేవాళ్లున్నారు, ఇచ్చేవాళ్లూ ఉన్నారు.

మా నాయిన దేవరకొండ వైపు ఊళ్లలో బడిపంతులు. అడ్మిషన్ రిజిస్టర్‌ను ఇనుప బీరువాలో పెట్టి తాళం వేసి, చెవి మొలతాడుకు కట్టుకునేవాడు. ఒకసారి ఊళ్లో పెద్దమనిషి వచ్చి ఫలానా పిల్ల పుట్టిన తేదీ చూపించమంటే, "పిల్ల తండ్రిని రమ్మనండి" అన్నాడు. ఆ రిజిస్టర్‌లో పిల్లల కులం, తండ్రి పని, ఒంటి మీది పుట్టుమచ్చలు కూడా రాసి ఉండేవి. పది మెమో మీద ఆ పుట్టుమచ్చల వివరాలు అచ్చయి వస్తాయని మీకు తెలిసే ఉంటుంది. మా నాయినకు డేటా అన్న మాట తెలియదు. తన దగ్గర ఉన్నవి తనవి కావని తెలుసు.

ఇప్పుడు చట్టం సంగతి. వ్యక్తిగత గోప్యత మన ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం 2017 ఆగస్టు 24న చెప్పింది. దాని తర్వాత ఆరేళ్లకు, 2023 ఆగస్టులో, డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. కాగితం మీద నింపిన ఫారమైనా సరే, దాన్ని కంప్యూటర్లోకి ఎక్కిస్తే ఈ చట్టం కిందికి వస్తుంది. దీంట్లో 18 నిండని వాళ్లందరూ పిల్లలే. పిల్లల వివరాలు వాడుకోవాలంటే తల్లి లేదా తండ్రి, లేదా చట్టబద్ధమైన సంరక్షకులు ఒప్పుకోవాలి, ఆ ఒప్పుకోలు నిజమైనదేనని తేల్చుకోవాలి. పిల్లల కదలికలు, అలవాట్లు గమనించి వాళ్లకు తగ్గ యాడ్స్ చూపించకూడదు. ఇది 9వ సెక్షన్. ఈ సెక్షన్ దాటితే 200 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. వివరాలను జాగ్రత్తగా దాచకుండా బయటికి పోనిస్తే 250 కోట్ల దాకా.

బడులకు కొంత మినహాయింపు ఉంది. చదువు కోసం, పిల్లల భద్రత కోసం హాజరూ ప్రగతీ గమనించడానికి ప్రతిసారీ తల్లిదండ్రుల సమ్మతి అడగనక్కర్లేదు. బడి బస్సు ఎక్కడుందో చూడటం కూడా అంతే. కానీ జాబితాను ఇంకో కాలేజీకి ఇవ్వడం చదువు చెప్పడం కిందికి రాదు. ఆ మినహాయింపును చూపించి ఎవరైనా దబాయిస్తే నమ్మకండి.

మీకు నిజం చెప్పాలి కదా, ఈ చట్టంలో నాకు నచ్చనివి రెండున్నాయి. ఒకటి, ఆలస్యం. దీని రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి. కంపెనీలకు, సంస్థలకు సర్దుకోవడానికి 18 నెలల గడువు ఇచ్చారు. ఆ లెక్కన పిల్లల సెక్షన్ అమల్లోకి వచ్చేది 2027 మే నెలలో. రెండోది, వసూలైన జరిమానా ప్రభుత్వ ఖజానాకు పోతుంది. పోగొట్టుకున్న పిల్లకు, తల్లికి పైసా రాదు. నష్టపరిహారం దారి ఈ చట్టంలో పెట్టి ఉండాల్సింది అని నా గట్టి అభిప్రాయం.

అయినా ఇవాళ చేయగలిగినవి ఉన్నాయి. ఫోన్ చేసినవాళ్లను "మా నంబరు ఎక్కడిది?" అని అడిగి, చెప్పింది, కాలేజీ పేరు, నంబరు, టైమ్ రాసి పెట్టుకోండి. ఏడు రోజుల లోపల 1909కి ఫిర్యాదు చేయండి. అనుమతి లేని ప్రచార కాల్స్ మీద టెలికం సంస్థలు చర్య తీసుకోవాల్సిందే. మీ నంబరును ప్రచార కాల్స్ వద్దనే డీఎన్‌డీ జాబితాలో పెట్టించుకోండి, అదీ 1909కే. తర్వాత అమ్మాయి చదివిన బడికి ఒక ఉత్తరం రాయండి. "మా అమ్మాయి వివరాలు మీ దగ్గర ఏమేం ఉన్నాయి, ఎవరెవరికి ఇచ్చారు, ఎందుకు ఇచ్చారు, రాతపూర్వకంగా తెలపండి. ఇక ముందు మా అనుమతి లేకుండా ఎవరికీ ఇవ్వకండి." ఈ రెండు వాక్యాలు చాలు. ఒక కాపీ మీద స్కూల్ స్టాంపు వేయించుకోండి. ఎవరికి ఇచ్చారో తెలుసుకునే హక్కు 11వ సెక్షన్‌లో ఉంది. ఇవాళ వాళ్లు జవాబివ్వకపోతే ఈ చట్టం కింద ఫిర్యాదులు వినే డేటా పరిరక్షణ బోర్డు దాకా ఇంకా వెళ్లలేం. కానీ స్టాంపు పడిన కాగితం ఆఫీసు ఫైల్లో కూర్చుంటుంది. పోయినేడు ఒక బడికి పదకొండు మంది తల్లిదండ్రులతో ఒకే ఉత్తరం రాయించాను. మరుసటి వారం ఆ బడిలో విద్యార్థుల జాబితా ఉన్న కంప్యూటర్‌కు పాస్‌వర్డ్ పెట్టారు. అప్పటిదాకా లేదట.

ప్రశ్న: మా పాప రెండో తరగతి. బతుకమ్మ రోజు బడిలో ఆడిన వీడియోను స్కూల్ వాళ్లు ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్ చేసి పెట్టారు. పాప పేరు, తరగతి, సెక్షన్ అన్నీ రాశారు. కింద ముక్కూముఖం తెలియనివాళ్లు కామెంట్లు పెడుతున్నారు. తీసేయమంటే "అడ్మిషన్ ఫారంలో మీరే సంతకం పెట్టారు సార్" అంటున్నారు. (ఒక తండ్రి, నాగర్‌కర్నూల్)

జవాబు: అన్నా, సంతకం పెట్టింది సీటు కోసం, రీల్ కోసం కాదు. కొత్త చట్టం ప్రకారం సమ్మతి అంటే దేనికోసమో విడిగా, స్పష్టంగా చెప్పి తీసుకోవాలి. 'ఫోటోలకు ఒప్పుకుంటేనే అడ్మిషన్' అని ముడిపెట్టకూడదు. కావాలంటే తెలుగులో చదువుకునే వీలు కూడా కల్పించాలి. ఇచ్చిన సమ్మతిని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు, ఇచ్చినంత సులువుగా తీసుకోగలగాలి. ఫారంలో పదహారో లైనులో చిన్న అక్షరాలతో రాసింది ఈ లెక్కకు నిలవదు.

హెడ్మాస్టర్‌కు కాదు, యాజమాన్యానికి రాయండి. 'సమ్మతి ఉపసంహరించుకుంటున్నాను' అన్న మాట తప్పకుండా ఉండాలి. రీల్ లింకు, స్క్రీన్‌షాట్ జత చేయండి. వినకపోతే ఇన్‌స్టాగ్రామ్‌కే ఫిర్యాదు పెట్టండి. 13 లోపు పిల్లల ఫోటో, వీడియో అనుమతి లేకుండా పెడితే తల్లిదండ్రులు రిపోర్ట్ చేయడానికి అక్కడ విడిగా ఫారం ఉంది. కామెంట్లలో అసభ్యంగా ఉంటే ఆలోచించకుండా పోలీసుల దగ్గరికి వెళ్లండి.

బడి వాళ్లు చెడు ఉద్దేశంతో చేశారని నేను అనుకోవడం లేదు. ప్రచారం కావాలి వాళ్లకు. కానీ ఆ రీల్ చూస్తే పాప ముఖం, పేరు, ఏ బడి, ఏ సెక్షన్, గేటు ఎటువైపు ఉందో కూడా తెలుస్తుంది. గేటు దగ్గర నిలబడి పేరు పెట్టి పిలిచే మనిషిని ఏడేళ్ల పిల్ల నమ్ముతుంది. ఈ మాట యాజమాన్యం ముందు కూర్చుని చెప్పండి. చట్టం కంటే ముందు ఇది పనిచేస్తుంది.

ఇంకొకటి అడగాలి మిమ్మల్ని. పాప యూనిఫాంతో ఉన్న ఫోటో మీ స్టేటస్‌లో లేదు కదా? ఇంట్లోవాళ్లు సొంతంగా పెట్టుకునే వాటికి ఈ చట్టం వర్తించదు. అక్కడ కాపలా మీరే.

ప్రశ్న: బడిలో చేర్చడానికి ఆధార్ తప్పనిసరా? అపార్ ఫారం మీద సంతకం పెట్టమంటున్నారు, పెట్టాలా? (వనపర్తి)

జవాబు: బడిలో చేరడానికి ఆధార్ తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 26న చెప్పింది. ఆధార్ లేదని పిల్లవాడికి సీటు నిరాకరిస్తే మండల విద్యాధికారికి రాయండి. అపార్ అనేది విద్యార్థికి ఇచ్చే 12 అంకెల నంబరు, దానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలి. సమ్మతి అంటే ఇవ్వకపోయే వీలు కూడా ఉందనే అర్థం. మార్కుల మెమోలు, సర్టిఫికెట్లు ప్రభుత్వం నడిపే డిజిలాకర్ యాప్‌లో ఒక్కచోట ఉండటం వల్ల ఉపయోగం ఉంది. చదివి, అర్థం చేసుకుని మీరే నిర్ణయించుకోండి. చిన్నప్పుడు ఆధార్ తీసుకున్న పిల్లలు 18 నిండిన ఆరు నెలల లోపు దాన్ని రద్దు చేయించుకోవచ్చు, ఈ సంగతి చాలామందికి తెలియదు.

ప్రశ్న: మేడం, నాకు 17. ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. ఈఏపీసెట్‌కు ఫోన్‌లో యాప్‌లతోనే చదువుకుంటున్నా, కోచింగ్‌కు డబ్బుల్లేవు. మా అమ్మానాన్న చదువుకోలేదు. ప్రతి యాప్‌కు వాళ్ల అనుమతి కావాలంటే నేను ఏం చేయాలి? అమెరికాలో 13 ఏళ్లకే సరిపోతుందట కదా? (జడ్చర్ల)

జవాబు: తమ్మీ, నువ్వడిగింది న్యాయమైన ప్రశ్న. ఈ చట్టాన్ని సమర్థించే నాలాంటి వాళ్లు దీనికి జవాబు చెప్పి తీరాలి.

అమెరికాలో పిల్లల ఆన్‌లైన్ గోప్యత కోసం 1998లో చేసిన కోపా చట్టం 13 ఏళ్ల లోపు వాళ్లకే వర్తిస్తుంది. ఆ చట్టం కిందే 2019లో యూట్యూబ్, దాని యజమాని గూగుల్ కలిసి 170 మిలియన్ డాలర్లు కట్టాల్సి వచ్చింది. పిల్లల వీడియోలు చూసేవాళ్ల అలవాట్లను తల్లిదండ్రులకు చెప్పకుండా గమనించి యాడ్స్ చూపించారని కేసు. యూరప్‌లో వయసు 16, కావాలంటే ఆయా దేశాలు 13 దాకా తగ్గించుకోవచ్చు. మనం 18 పెట్టుకున్నాం. మన దగ్గర మైనర్ చేసుకున్న ఒప్పందం చెల్లదన్నది పాత సూత్రం, 1903లో, బ్రిటిష్ కాలంలో మనకు ఆఖరి కోర్టయిన ప్రీవీ కౌన్సిల్ తేల్చింది. ఆ గీతనే ఇక్కడా గీశారు.

ఏడేళ్ల పిల్లకూ పదిహేడేళ్ల నీకూ ఒకే తాళం వేయడం నాకూ సరిగా అనిపించదు. ఇంట్లో తొలిసారి కాలేజీ మెట్లెక్కిన పిల్లలకు ఫోనే లైబ్రరీ. చట్టం ఒక కిటికీ తెరిచి పెట్టింది. ఏదైనా సంస్థ పిల్లల వివరాలను నిజంగా భద్రంగా వాడుతోందని తేలితే, దానికి సమ్మతి వయసును ప్రభుత్వం తగ్గించొచ్చు, 9వ సెక్షన్‌లో అయిదో భాగం. చదువు యాప్‌లకు ఆ కిటికీ తెరవాలని నేను కోరుకుంటాను. యాడ్స్ కోసం వెంటపడటాన్ని మాత్రం 18 దాకా ఆపాల్సిందే, అక్కడ ఒక్క ఏడు కూడా తగ్గించొద్దంటాను. అప్పు ఇస్తామనే యాప్‌ల యాడ్స్ ఇంటర్ పిల్లల ఫోన్లలో ఎన్ని వస్తున్నాయో నీకే తెలుసు.

ఇప్పటికి నువ్వు చేయాల్సింది, అమ్మ పక్కన కూర్చుని యాప్ ఏం అడుగుతోందో చదివి వినిపించు. లెక్కలు నేర్పే యాప్‌కు నీ కాంటాక్టులు, మైకు, లొకేషన్ ఎందుకు? సెట్టింగ్స్‌లో పర్మిషన్లు తీసేయి. తీసేస్తే నడవనంటే ఆ యాప్‌ను మార్చు. ఆండ్రాయిడ్ ఫోనైతే గూగుల్ సెట్టింగ్స్‌లో యాడ్స్ అని ఉంటుంది, అక్కడ అడ్వర్టైజింగ్ ఐడీని డిలీట్ చెయ్యి. చదువుకోని తల్లి కూడా "మన లెక్కల యాప్‌కు మన ఇల్లు ఎక్కడుందో ఎందుకురా?" అని అడగగలదు. పరీక్ష బాగా రాయి.

ప్రశ్న: మా అక్కాబావ పుణెలో బిల్డింగ్ పనికి పోతారు. వాళ్ల కొడుకు, పన్నెండేళ్లవాడు, ఇక్కడ మా అమ్మ దగ్గర ఉంటాడు. అమ్మ ఫోన్‌లో గేమ్ ఆడటానికి, వీడియోలు చూడటానికి అకౌంట్ తెరిచాడు. పుట్టిన సంవత్సరం అడిగితే అమ్మ ఆధార్ కార్డు చూసి 1958 అని కొట్టాడట. ఇప్పుడు ఫోన్‌లో రమ్మీ, లోన్ల యాడ్స్ వస్తున్నాయి. అమ్మకు చదువు రాదు. కొత్త చట్టంలో తల్లిదండ్రుల అనుమతి అంటున్నారు, వీడికి అనుమతి ఎవరివ్వాలి? (నారాయణపేట జిల్లా)

జవాబు: తమ్మీ, నీ ఉత్తరాన్ని నాలుగుసార్లు చదివాను. పాలమూరు నుంచి పనికి పోయిన ఇండ్లలో ఇది ఒక్క మీ ఇంటి సంగతి కాదు. గుంపు మేస్త్రీ వెంట తల్లీ తండ్రీ పోతారు, ముసలమ్మ దగ్గర పిల్లలు ఉంటారు, ఇంట్లో ఒక్కటే ఫోన్, దాని సిమ్ అమ్మమ్మ పేరు మీద. చట్టం రాసినవాళ్ల మనసులో తల్లిదండ్రులు పక్కనే ఉన్న ఇల్లు ఉంది.

ముందు హక్కు సంగతి. హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 1956 ప్రకారం సహజ సంరక్షకులు తండ్రి, తర్వాత తల్లి. 'తర్వాత' అంటే తండ్రి చనిపోయాకే అని కాదు, ఆయన అందుబాటులో లేనప్పుడు, పట్టించుకోనప్పుడు తల్లి కూడా సంరక్షకురాలేనని 1999లో సుప్రీంకోర్టు చెప్పింది. అమ్మమ్మ ఈ వరసలో లేదు. పొద్దున లేపి, అన్నం పెట్టి, బడికి పంపేది ఆమె అయినా, కోర్టు నియమిస్తే తప్ప చట్టబద్ధమైన సంరక్షకురాలు కాదు. కాబట్టి సమ్మతి ఇవ్వాల్సింది మీ అక్క గాని, బావ గాని. వాళ్లు పుణెలో ఉన్నా ఇవ్వొచ్చు. డిజిలాకర్ లాంటి వాటి ద్వారా తమ గుర్తింపు, వయసు చూపించే పద్ధతి రూల్స్‌లో ఉంది.

అసలు చిక్కు వేరే చోట ఉంది. తల్లిదండ్రుల సమ్మతిని ఎట్లా తేల్చుకోవాలో చెప్పే 10వ రూల్‌లో ఇచ్చిన నాలుగు ఉదాహరణలూ ఎవరో ఒకరు 'ఇది పిల్లల అకౌంట్' అని కంపెనీకి చెప్పడంతోనే మొదలవుతాయి. మీ మేనల్లుడు ఆ మాట చెప్పలేదు. 1958 అని కొట్టాడు. కంపెనీ కంటికి అక్కడున్నది ముసలావిడ. రమ్మీ, అప్పు యాడ్స్ వస్తున్నాయంటే పెద్ద మనిషికి చూపించేవే చూపిస్తున్నారు. మన రాష్ట్రంలో డబ్బు పెట్టి ఆన్‌లైన్ రమ్మీ ఆడటం 2017 నుంచే నిషేధం, అయినా పిల్లవాడి కళ్ల ముందుకు వచ్చింది చూడు. తేదీ అబద్ధం ఉన్నంతకాలం చట్టం ఇచ్చే ఏ రక్షణా వాడి దాకా రాదు. ఈ పాఠకుల్లో ఎంతమంది పిల్లలకు అకౌంట్ తెరిచేటప్పుడు తామే పెద్ద వయసు కొట్టి ఇచ్చారో, వాళ్లకు కూడా ఇదే చెప్తున్నాను.

అబద్ధం చెప్పాడని వాడిని కొట్టకండి. ఆట తెరుచుకోవడానికి ఏ అంకె కొట్టాలో అది కొట్టాడు. పన్నెండేళ్లవాడు 'ఒప్పుకుంటున్నాను' అని నొక్కినా, అది వాడిని గాని మీ అమ్మను గాని ఏ ఒప్పందానికీ కట్టిపడేయదు. గేమ్‌లో డబ్బు కట్ అయితే వెంటనే బ్యాంకుకు ఫోన్ చేయండి. మోసం అనిపిస్తే 1930కి కూడా చేయండి. మీ అమ్మ నంబరుకు పింఛను పడే ఖాతా కలిపి ఉంటే, ఫోన్‌పే లాంటివి ఆ ఫోన్‌లోంచి తీసేయడం ఇవాళే చేయాల్సిన పని. పిన్ నంబరు మీ అమ్మ వాడికి చెప్పే ఉంటుంది, డబ్బు తీయడానికి సాయం పట్టేది వాడే కదా. అది కూడా మార్చండి.

అకౌంట్ సరిచేయడానికి దారి ఉంది. గూగుల్‌కు ఫ్యామిలీ లింక్ అని ఉచిత యాప్ ఉంది. పిల్లవాడి అసలు పుట్టిన తేదీతో వేరే అకౌంట్ తెరిచి, మీ అక్క అకౌంట్‌కు కలపాలి. తర్వాత వాడు కొత్త యాప్ వేయాలంటే అడుగుతుంది, ఆ అడిగేది పుణెలో మీ అక్క ఫోన్‌కు పోతుంది. ఆమె సైట్ మీద మధ్యాహ్నం సద్ది తినేటప్పుడు చూసి ఒప్పుకోవచ్చు, వద్దనొచ్చు. రోజుకు ఎంతసేపు అన్నది కూడా అక్కడి నుంచే పెట్టొచ్చు. తల్లి ఊళ్లో లేని ఇంటికి ఇంతకంటే పనికొచ్చేది నాకు కనపడలేదు. ఒకే ఫోన్ కాబట్టి చిన్న ఇబ్బంది ఉంటుంది. అమ్మ అకౌంట్ ఉన్నంతసేపు వాడు అందులోకి పోగలడు. పాత ఫోన్ ఏదైనా ఇంట్లో ఉంటే సిమ్ లేకుండా దాంట్లో వాడి అకౌంట్ వేసి, అమ్మ ఫోన్‌కు కొత్త లాక్ పెట్టడం మేలు. పాత అకౌంట్‌ను, ఆ గేమ్ ఖాతాను డిలీట్ చేయమని యాప్ లోపలే ఉన్న సెట్టింగ్స్‌లో అడగండి. ఆటను ఫోన్‌లోంచి తీసేస్తే వివరాలు పోవు, ఖాతా తీసేయాలి.

ఇదంతా ఫోన్‌లో చెప్తే మీ అక్కకు అర్థం కావడం కష్టం. దసరాకు వాళ్లు ఊరికి వస్తారు కదా. ఆ నాలుగు రోజుల్లో ఒక పూట అక్కను, పిల్లవాడిని పక్కపక్కన కూర్చోబెట్టి నువ్వే చేయించు. పుట్టిన తేదీ గడి వచ్చినప్పుడు ఫోన్ వాడి చేతికివ్వు, అసలు తేదీ వాడే కొడతాడు.